టైముకి పక్క మారుస్తున్నా బెడ్ సోర్ ఎందుకొస్తోంది? ఒంటి కింద వేడి ఎలా చూడాలి, ఎలా తగ్గించాలి

నన్ను ఈ ప్రశ్న అడగని వారం లేదు. "రెండు గంటలకోసారి తిప్పుతున్నాం, ఎయిర్ బెడ్ కూడా వేశాం, అయినా నడుం కింద ఎర్రబడుతోంది, ఏం తప్పు చేస్తున్నాం?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. నేను డాక్టర్ని కాదు. స్ట్రోక్ వచ్చాక మా నాన్న రెండేళ్ళ పైనే మంచం మీద ఉన్నారు, చూసుకున్నది నేనే. మొదటి ఆరు నెలల్లోనే రెండు పుళ్ళు పడ్డాయి. నేను రాత్రి అలారం పెట్టుకుని మరీ లేచి తిప్పేదాన్ని, అయినా పడ్డాయి. తర్వాత ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేసే నర్సు ఒకావిడ నాన్న వీపు కిందకి చెయ్యి పెట్టి చూసి "ఇక్కడ ఇంత వేడిగా ఉందేంటమ్మా" అంది, అప్పటిదాకా నేను ఒత్తిడి గురించే ఆలోచించా కానీ వేడి సంగతి నాకు తట్టనే లేదు.

థియరీ రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఎముకకీ పరుపుకీ మధ్య కండ నలిగినప్పుడు అక్కడికి రక్తం సరిగ్గా అందదు, అంటే కణాలకి ఆక్సిజన్ తగ్గుతుంది. అదే చోట వేడి పెరిగితే ఆ కణాలకి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, ఒక డిగ్రీ (సెల్సియస్, ఇందులో వేడికి చెప్పిన డిగ్రీలన్నీ అవే) పెరిగితే అవసరం సుమారు పది శాతం పెరుగుతుందని చెప్తారు. అంటే ఒకవైపు సరఫరా తగ్గుతోంది, ఇంకోవైపు అవసరం పెరుగుతోంది. దానికి తోడు వేడికి చెమట పడుతుంది, చెమటకి చర్మం నాని మెత్తబడి దుప్పటికి ఒరుసుకుంటుంది. 1995లో పందుల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. పంది చర్మం మన చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇలాంటివి వాటి మీదే చేస్తారు. ఒకే ఒత్తిడి, 100 మిల్లీమీటర్ల పాదరసం (బీపీ కొలిచే లెక్కే), అయిదు గంటల పాటు పెట్టి చర్మం వేడిని మాత్రం మార్చి చూశారు. 25 డిగ్రీల దగ్గర ఏ దెబ్బా కనపడలేదు, 35 దగ్గర పైన చర్మం బాగానే ఉన్నా లోపలి కండ దెబ్బతింది, 40, 45 దగ్గర పైనా లోపలా రెండూ పాడయ్యాయి. ఒత్తిడీ అదే, టైమూ అదే, మారింది వేడి ఒక్కటే.

మామూలుగా గాలి తగులుతున్న చర్మం 32 నుంచి 34 డిగ్రీలు అలా ఉంటుంది. కదలకుండా పరుపు మీద ఒకేచోట పడుకుంటే గంటా రెండు గంటల్లో అక్కడి వేడి ఒంటి లోపలి వేడికి దగ్గరగా వెళ్ళిపోతుంది. మనం తగ్గించాల్సింది ఈ పెరిగిన రెండు మూడు డిగ్రీలే. 25కి దించాలని చూడొద్దు, ఐస్ అసలే వద్దు, ఎందుకో కింద చెప్తా.

కావాల్సినవి

- మీ చెయ్యి. చేతి వెనక భాగానికి వేడి బాగా తెలుస్తుంది, అసలు పరికరం అదే
- నుదుటి దగ్గర పెట్టి చూసే గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు
- పలచటి కాటన్ దుప్పట్లు మూడు నాలుగు, మార్చి మార్చి వెయ్యడానికి
- దిండ్లు నాలుగైదు
- తడి పీల్చుకుని గాలి కూడా ఆడనిచ్చే అండర్‌ప్యాడ్లు
- జింక్ ఆక్సైడ్ లేదా డైమెథికోన్ ఉన్న బారియర్ క్రీమ్, అంటే చర్మానికి తడి తగలకుండా అడ్డుపడేది
- టార్చ్, ఒక నోటు పుస్తకం

నోటు పుస్తకం ఎందుకులే అని వదిలెయ్యకండి. మాకు దాని వల్లే అసలు కారణం దొరికింది.

స్టెప్ 1: ముందు వేడి చూడటం నేర్చుకోండి

అందరూ ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా.

వెల్లకిలా పడుకునేవాళ్ళకి చూడాల్సిన చోట్లు: నడుం కింద పిర్రల మధ్య తగిలే ఎముక, మడమలు, భుజం రెక్కలు, తల వెనక, మోచేతులు. పక్కకి పడుకుంటే తుంటి ఎముక, చీలమండ, మోకాళ్ళ లోపలి వైపు, చెవి. కూర్చునేవాళ్ళకి పిర్రల కింద గుచ్చుకునే రెండు ఎముకలు.

ఎలా చూడాలంటే, మనిషిని పక్కకి తిప్పిన వెంటనే ఒకసారి చేతి వెనక భాగం ఆనించి చూడండి, అరగంట ఆగి మళ్ళీ చూడండి. తిప్పిన వెంటనే ఎవరికైనా ఆ చోటు వెచ్చగా ఎర్రగానే ఉంటుంది, అది మామూలే, ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగి వస్తోందని అర్థం. అరగంట తర్వాత కూడా అలాగే ఉంటే అది మామూలు కాదు. చాలామంది తిప్పగానే చూసి కంగారు పడతారు, లేదంటే తిప్పగానే చూసి "రోజూ ఇంతే కదా" అని వదిలేస్తారు. రెండోసారి చూడటమే అసలు పరీక్ష.

దేనితో పోల్చాలి? పక్కనే నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న చర్మంతో, లేదా అవతలి వైపు అదే చోటుతో, ఈ మడమకి ఆ మడమతో అన్నమాట. నుదురుతో పోల్చొద్దు, అది వేరే లెక్క.

చుట్టుపక్కల కంటే వేడిగా ఉంటే లోపల వాపు మొదలైందని అనుకోవాలి. చుట్టుపక్కల కంటే చల్లగా ఉంటే "హమ్మయ్య చల్లగానే ఉంది" అనుకోకండి, అది ఇంకా ప్రమాదం, అక్కడికి రక్తమే చేరట్లేదేమో. చల్లగా ఉండి, నొక్కితే గట్టిగానో లేదా నీళ్ళు నిండినట్టు మెత్తగానో తగిలి, రంగు ఊదాగా కమిలినట్టు ఉంటే లోతున కండ దెబ్బతిని ఉండొచ్చు, పైన చర్మం చెక్కుచెదరకుండా ఉన్నా సరే. అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఎర్రగా ఉన్నచోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతోంది. తెల్లబడకపోతే అది మొదటి దశ పుండే, చర్మం చిట్లకపోయినా దాన్ని పుండు కిందే లెక్కేస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, చామనఛాయ, నలుపు ఒళ్ళు ఉన్నవాళ్ళకి ఈ ఎరుపు సరిగ్గా కనపడదు, నొక్కితే తెల్లబడటం కూడా తెలియదు. పుస్తకాల్లో బొమ్మలు చూసి ఎరుపు కోసం వెతుకుతూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. వాళ్ళ విషయంలో వేడి తేడా, గట్టితనం, నొప్పి, పక్కకంటే నల్లగా మారడం, ఇవే గుర్తులు. మా నాన్నకి మొదటి పుండు నేను గుర్తుపట్టకపోవడానికి కారణం ఇదే, ఎర్రగా అవుతుందని చూస్తూ ఉన్నా, ఎర్రగా ఎప్పుడూ అవ్వలేదు.

థర్మామీటర్ వాడేవాళ్ళు: ప్రతిసారీ ఒకే దూరంలో పట్టుకోండి, చర్మం పొడిగా ఉండాలి, తుడిచిన వెంటనే చూస్తే తడి వల్ల తక్కువ చూపిస్తుంది. కొన్నిట్లో బాడీ, సర్ఫేస్ అని రెండు మోడ్లు ఉంటాయి, సర్ఫేస్ పెట్టండి, ఎందుకంటే బాడీ మోడ్ నుదుటి లెక్కని సర్ది చూపిస్తుంది. వచ్చిన నంబర్‌ని పెద్దగా పట్టించుకోవద్దు, రెండు చోట్ల మధ్య తేడా చూడండి. పక్క చర్మానికీ దీనికీ ఒక డిగ్రీ పైన తేడా అరగంట తర్వాత కూడా ఉంటే, అదీ వరసగా రెండు మూడుసార్లు వస్తే, ఆ చోటుని ప్రమాదం కింద లెక్కేసుకోండి.

స్టెప్ 2: ఒంటి కింద పొరలు తీసెయ్యండి

ఇప్పుడే వెళ్ళి మీవాళ్ళ ఒంటి కింద ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టండి. మా ఇంట్లో పరుపు మీద రబ్బరు షీట్, దాని మీద మందపాటి బొంత, దాని మీద దుప్పటి, దాని మీద టవల్, ఆ పైన డైపర్. పెద్దాయన కదా మెత్తగా ఉండాలని నేనే వేశాను. అంతలా కప్పేస్తే వేడి ఎటు పోతుంది.

ఒక దుప్పటి, దాని మీద ఒక అండర్‌ప్యాడ్. అంతే. రబ్బరు షీట్ తప్పనిసరి అయితే ఒంటికి నేరుగా తగలకుండా, నడుం కింద మాత్రమే వచ్చేలా చిన్నది వెయ్యండి.

ఎయిర్ బెడ్ ఉన్నవాళ్ళు దుప్పటిని బిగదీసి అంచులు కిందకి దోపొద్దు. బిగిస్తే మనిషి దుప్పటి మీద వేలాడినట్టు ఉంటాడు, కింద పరుపులో గాలి అరలు ఎంత నిండుతూ తగ్గుతూ ఉన్నా ఉపయోగం ఉండదు. వదులుగా పరవండి. అందులో గాలి సరిపోయిందో లేదో చూడటానికి పిర్రల కింద వచ్చేచోట పరుపు కిందకి అరచెయ్యి పైకి ఉండేలా దూర్చండి, ఎముక మీ చేతికి తగులుతున్నట్టుంటే గాలి చాలదు, కనీసం ఒక అంగుళం మందం మధ్యలో తెలియాలి. ఇంకోటి, ఎయిర్ బెడ్ అనగానే చల్లగా ఉంటుందనుకుంటారు, మామూలు ఎయిర్ బెడ్ పైకవరు ప్లాస్టిక్‌దే, అది ఒత్తిడిని మార్చి మార్చి ఇస్తుంది కానీ వేడిని తీసెయ్యదు. చర్మం వైపు గాలి వదిలే రకం వేరే ఉంటుంది, లో ఎయిర్ లాస్ అంటారు, చెమట ఎక్కువ పట్టేవాళ్ళకి అది మంచిది. కొనేముందు ఏ రకమో అడగండి.

మెమరీ ఫోమ్ ఒంటిని చుట్టేసుకుంటుంది కాబట్టి వేడి ఎక్కువ పట్టుకుంటుంది. జెల్ ప్యాడ్ మొదట్లో చల్లగా ఉంటుంది, అది వేడిని పీల్చుకుంటుంది కాబట్టి, కానీ కొన్ని గంటలకి అదీ వేడెక్కి అలాగే ఉండిపోతుంది. జెల్ వాడితే మధ్యలో తీసి ఆరనివ్వండి, లేదా రెండు పెట్టుకుని మార్చండి.

స్టెప్ 3: తిప్పేటప్పుడు చల్లబడే టైం కూడా లెక్కెయ్యండి

తిప్పడం అంటే ఒత్తిడి తియ్యడం మాత్రమే కాదు, అప్పటిదాకా నలిగిన చోటుకి గాలి తగలనివ్వడం కూడా. ఎడమ పక్కకి తిప్పి వీపుకి పెద్ద దిండు మొత్తం ఆనించేసి పైనుంచి దుప్పటి కప్పేస్తే నడుం కింద చోటు ఎప్పటికి చల్లబడుతుంది? దిండు వీపు పైభాగానికి ఒకటి, తొడ కిందకి ఒకటి పెట్టి ఆ ఎముక చోటు ఖాళీగా వదిలెయ్యండి.

పూర్తిగా పక్కకి, తుంటి ఎముక మీద బరువంతా పడేలా తిప్పొద్దు. సుమారు 30 డిగ్రీలు ఒరిగితే చాలు. తలవైపు మంచం కూడా వీలైనంత వరకు 30 డిగ్రీలు దాటించొద్దు, అన్నం పెట్టేటప్పుడు తప్ప, ఎందుకంటే మనిషి కిందకి జారుతూ ఉంటాడు, ఆ జారుడులో చర్మం ఒకవైపు ఎముక ఒకవైపు లాగినట్టవుతుంది. పైకి జరపాల్సి వస్తే చంకల కింద పట్టుకుని ఈడ్వొద్దు, కింద దుప్పటి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపండి.

మడమలకి దిండు పిక్క మొత్తం కింద పెట్టండి, మడమ గాల్లో తేలాలి, మడమకీ పరుపుకీ మధ్య కాగితం దూరి వచ్చెయ్యాలి.

ఒక చోటు అరగంట తర్వాత కూడా వేడి తగ్గకపోతే ఆ వైపు మళ్ళీ పడుకోబెట్టొద్దు. టైం అయింది కదా అని వరస ప్రకారం అటే తిప్పేస్తారు చాలామంది. టైం టేబుల్ కంటే చర్మం చెప్పేదే వినండి. ఇంకా వేడిగా ఉందంటే అది కోలుకోలేదు, వేరే వైపుకి తిప్పండి, ఆ తర్వాత మార్చే గ్యాప్ కూడా తగ్గించండి.

స్టెప్ 4: తడి

చెమట, మూత్రం, విరేచనం, ఏదైనా సరే తడిగా ఉన్న చర్మం త్వరగా చిట్లుతుంది. అద్ది తుడవండి, రుద్దొద్దు. గోరువెచ్చని నీళ్ళు చాలు, ఘాటు సబ్బులు వద్దు. పూర్తిగా ఆరాక బారియర్ క్రీమ్ పలచగా రాయండి, మందంగా పూస్తే డైపర్ పీల్చుకోవడం ఆగిపోతుంది. పౌడర్ చల్లొద్దు, తడికి ఉండలు కట్టి ఇసుకలాగా గీస్తుంది.

మంచం మీద ఉన్నంతసేపు, కుదిరితే, డైపర్ బిగించకుండా తెరిచి కింద పరిచినట్టు ఉంచండి, లేదా అండర్‌ప్యాడ్ ఒక్కటే వాడండి. బిగించిన డైపర్ లోపల వేడి, తడి రెండూ చేరతాయి, ఒకదాని మీద ఒకటి రెండు డైపర్లు వెయ్యడం అయితే అసలు వద్దు.

స్టెప్ 5: జ్వరం వచ్చిన రోజు రూల్స్ మారతాయి

జ్వరం వస్తే ఒళ్ళంతా ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నలిగే చోట్ల ముందే కరువు. మామూలు రోజుల్లో రెండు గంటలు తట్టుకునే చర్మం ఆ రోజు తట్టుకోదు. జ్వరం ఉన్నన్ని రోజులు గ్యాప్ గంట, గంటన్నరకి తగ్గించండి, మందు డాక్టర్ చెప్పినట్టు ఇవ్వండి, తడిసిన దుప్పటి వెంటనే మార్చండి. వేసవి రోజుల్లో గదిలో ఉక్కగా ఉంటే కూడా ఇదే పద్ధతి. ఫ్యాన్ పెట్టండి కానీ తడి ఒంటి మీదకి నేరుగా తిప్పొద్దు, వణుకు పుడితే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. కాళ్ళూ చేతులూ చల్లబడితే వాటికి కప్పండి, నడుం కింద మాత్రం గాలి ఆడనివ్వండి.

కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఇంకో మాట. కూర్చున్నప్పుడు బరువంతా చిన్న చోట పడుతుంది, వేడి కూడా అక్కడే చేరుతుంది, కాబట్టి రెండు గంటల లెక్క కుర్చీకి పనికిరాదు. 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకి వంచడం, పక్కకి ఒరిగించడం చెయ్యాలి, ఒక్కసారికి ఒకటి రెండు నిమిషాలైనా అలా ఉంచాలి.

స్టెప్ 6: పుండు ఇప్పటికే పడి ఉంటే

ఇక్కడ లెక్క తిరగబడుతుంది, జాగ్రత్తగా చదవండి. పుండు పడకముందు చర్మాన్ని వేడెక్కనివ్వకూడదు, పుండు పడ్డాక ఆ పుండుని చల్లబడనివ్వకూడదు. మానడానికి కొత్త కణాలు పుట్టాలి, పుండు బాగా చల్లబడితే, 33 డిగ్రీల కిందకి పోతే ఆ పని నెమ్మదిస్తుంది.

అందుకని కడగడానికి వాడే సెలైన్ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పొయ్యొద్దు, గది వేడికి రానివ్వండి. డ్రెస్సింగ్ సామాన్లన్నీ ముందు సర్ది పెట్టుకుని అప్పుడు పాతది విప్పండి, విప్పేసి కాటన్ కోసం వెతుకుతూ పావుగంట తెరిచి ఉంచొద్దు. డాక్టర్ మూడు రోజులకోసారి మార్చమంటే మూడు రోజులే, రోజూ విప్పి చూడొద్దు. గాలికి ఆరితే మానుతుందని ఫ్యాన్ కింద తెరిచి పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో, బల్బు వేడితో ఆరబెట్టడం పాత పద్ధతులు, పుండు ఎండిపోయి ఇంకా ఆలస్యమవుతుంది. డ్రెస్సింగ్ మెత్తగా ఉంటుందని గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలచటి గుడ్డ) మందంగా కుక్కితే అదే ఎముక కింద రాయిలా ఒత్తుతుంది.

చుట్టూ ఉన్న మంచి చర్మానికి మాత్రం పైన చెప్పిన రూల్సే, వెచ్చగా తడిగా ఉండకూడదు.

మళ్ళీ మళ్ళీ చూస్తున్న తప్పులు

ఐస్ ప్యాక్: వేడి చెడ్డదైతే ఐస్ మంచిదే కదా అని అడుగుతారు. కాదు. ఐస్ పెడితే రక్తనాళాలు ముడుచుకుపోతాయి, అసలే రక్తం అందని చోట ఉన్నది కూడా పోతుంది. పైగా పక్షవాతం, వెన్నుపూస దెబ్బ, షుగర్ వల్ల స్పర్శ పోయినవాళ్ళకి ఐస్ చలికి చర్మం దెబ్బతిన్నా తెలియదు.

వేడినీళ్ళ బ్యాగ్, హీటింగ్ ప్యాడ్: నొప్పిగా ఉందన్నారని నడుం కింద పెడతారు. నలిగిన చోట ఇది పెట్టడం అంటే రెండు దెబ్బలూ ఒకేసారి కొట్టడమే, స్పర్శ లేనివాళ్ళకి కాలిపోతుంది కూడా.

ఎర్రబడ్డ చోట మసాజ్: వద్దు, లోపల దెబ్బతిన్న కండ ఇంకా చిదుగుతుంది. స్పిరిట్ రుద్దడం కూడా అంతే, రాసినప్పుడు చల్లగా ఉంటుంది కానీ చర్మాన్ని ఎండబెట్టేస్తుంది.

మధ్యలో చిల్లున్న గుండ్రటి కుషన్: చిల్లు చుట్టూ ఉన్న అంచు మొత్తం ఒత్తుతుంది, మధ్యలోకి రక్తం వచ్చే దారే మూసుకుపోతుంది.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నోటు పుస్తకంలో ప్రతిసారీ నాలుగే రాయండి: టైం, ఏ వైపు నుంచి తిప్పారు, అరగంట తర్వాత వేడి తేడా ఉందా లేదా, దుప్పటి పొడిగా ఉందా తడిగా ఉందా. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే రెండు రోజులకే మానేస్తారు.

మూడు రోజుల్లో వేడి, ఎరుపు తగ్గే టైం తగ్గుతూ రావాలి, ముందు గంట పట్టేది అరగంటకి, తర్వాత పావుగంటకి. అలా తగ్గకపోతే ఒకేసారి అన్నీ మార్చెయ్యకండి, ఒక్కోటి మార్చి చూడండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. వారం రాశాక వెనక్కి తిరిగి చదవండి. మా పుస్తకంలో ఉదయం, రాత్రి అంతా బాగానే ఉంది, మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు మాత్రం ప్రతిరోజూ "వేడి, తడి" అని ఉంది. ఆలోచిస్తే, మధ్యాహ్నం నేను కాసేపు పడుకునేదాన్ని, అందుకని ముందే డైపర్ బిగించి, దుప్పటి కప్పి, మూడు గంటల పాటు అలాగే వదిలేసేదాన్ని. ఆ మూడు గంటలు సరిచేశాక మూడో పుండు పడలేదు.

రాత్రంతా ఒక్కరే చూసుకునేవాళ్ళు ప్రతి రెండు గంటలకీ లేవలేకపోతే డాక్టర్‌తోనో నర్సుతోనో మాట్లాడండి, పరుపు మంచిదై, చర్మం అరగంటలో మామూలైపోతోందని మీ పుస్తకంలో ఉంటే కొందరికి రాత్రిపూట గ్యాప్ కొంచెం పెంచుకోవచ్చంటారు. మీ అంతట మీరు పెంచొద్దు.

ఇవి కనపడితే ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆస్పత్రికి తీసుకెళ్ళండి: ఊదా లేదా నలుపు రంగు మచ్చ, బొబ్బ, చర్మం చిట్లడం, చెడు వాసన, చీము, పుండు చుట్టూ వేడి రోజురోజుకీ ఇంకా దూరం పాకడం, లోపల తెల్లగా ఎముకలాంటిది కనపడటం, చలి జ్వరం, మనిషి మత్తుగా అయిపోవడం. వెళ్ళేటప్పుడు ఆ నోటు పుస్తకం, టైం ప్రకారం తీసిన ఫొటోలు వెంట తీసుకెళ్ళండి, ఎప్పుడు మొదలైందని అడుగుతారు, ఆ కంగారులో మనకి ఏమీ గుర్తు రాదు.